దుమ్ముకూ తుమ్ముకూ నడుమ డిటెక్టివ్ హన్మండ్లు

"ఇయ్యాలటి సంది నిజామాబాద్ జిల్లాల నేరం చెయ్యాలనుకునేటోళ్లు వేరే జిల్లా సూసుకోవాలె" అని డిటెక్టివ్ హన్మండ్లు ప్రకటించాడు. కంఠేశ్వర్‌లోని తన గడియారాల రిపేరు డబ్బాలో కూర్చుని, కంటికి భూతద్దం బిగించుకుని మరీ ప్రకటించాడు. విన్నది సత్యానందం ఒక్కడే. బోధన్ బస్సు మీద కండక్టరు, హన్మండ్లుకు చిన్నప్పటి దోస్తు.

సత్యానందం వచ్చింది తన బాధ చెప్పుకుందామని. అతని భార్య యేసమ్మ పొద్దున లేచింది మొదలు తుమ్ములే తుమ్ములు. కళ్లలో నీళ్లు, ముక్కు దిబ్బడ. ఈస్టర్ పొద్దున చర్చిలో పాట ఎత్తుకునేది ఏటా ఆమే. "ఈసారి వేరేవాళ్లతో పాడిద్దామా అమ్మా" అని పాస్టరుగారు మెల్లగా అడిగేసరికి, ఆమె ఇంటికొచ్చి అన్నం కూడా ముట్టలేదు.

"డాక్టర్ సాబ్ ఇంట్ల దుమ్ము తగ్గియ్యమన్నడు" అన్నాడు సత్యానందం.

"దుమ్ముకు తుమ్ముకు నడుమ ఒక్కటే అక్షరం తేడా. గా అక్షరమే మన నేరస్థుడు. వదిన బయటికి పోతే తుమ్ముతదా?"

"రుద్రూర్‌ల వాళ్లక్క ఇంటికి పోతే ఒక్క తుమ్ము రాలే."

హన్మండ్లు భూతద్దం తీసి లోకాన్ని మామూలు కంటితో చూశాడు. "అంటే శత్రువు ఇంట్లనే ఉన్నడు. గిది విషప్రయోగం."

సత్యానందం ఇంటికి వస్తూనే హన్మండ్లు ఆజ్ఞ జారీ చేశాడు. ఊడవొద్దు, తుడవొద్దు, ఒక్క దుప్పటి కూడా ఉతకొద్దు. సాక్ష్యాలు చెరిగిపోతాయి. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం పడకగదిలో పరుపు మీద పడుకుని నిఘా వేశాడు. ఆ నిఘా గురక వీధి గేటు దాకా వినిపించేది.

అది చాలక, దొంగ అడుగుజాడలు పడతాయని గది నిండా ముఖానికి రాసుకునే పౌడరు చల్లాడు.

"అన్నా, దుమ్ము తగ్గియ్యమంటే పౌడర్ సల్లుతున్నవేంది?" అంది యేసమ్మ తుమ్ముల మధ్య.

మర్నాడు అడుగులు దొరికాయి. భూతద్దంతో వాటి వెంట పాక్కుంటూ పోయి, తన చెప్పుల దగ్గరే ఆగాడు.

"నా చెప్పులే ఏసుకొని వచ్చిండు. ఎంత తెలివిగలోడు" అని అబ్బురపడ్డాడు.

ఈస్టర్ వారం రానే వచ్చింది. యేసమ్మ గొంతు బొంగురుపోయింది. హన్మండ్లును పిలిచినందుకు సత్యానందం లోలోపల తనను తాను తిట్టుకుంటున్నాడు. అప్పుడే హన్మండ్లు అందరినీ పడకగదికి రమ్మన్నాడు. అందరూ అంటే యేసమ్మ, సత్యానందం, పక్కింటి సుబ్బరత్నం. ఆమె గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి. భర్తకు బోధన్ దగ్గర చెరుకు తోట ఉంది.

హన్మండ్లు మంచమెక్కి నిలబడ్డాడు.

"సుబ్బరత్నమ్మా, గోడ మీద గోనెపట్టా దులుపుతున్నది మీరే గదా?"

"మా గోడ మీద మేం దులుపుకుంటామండీ అన్నయ్యగారూ. గాలి ఇటు వీస్తే నన్నేం చెయ్యమంటారు?"

"చెరుకు పండిచ్చెటోళ్లు గదా, తియ్యగనే మాట్లాడుతరు. కానీ నా కండ్లల్ల దుమ్ము కొట్టలేరు. ఇగ వినుండ్రి. గా నేరస్థులు ఎవరో కాదు..."

అని పేరు చెప్పబోతూ పరుపు మీద కాలు గట్టిగా తాటించాడు. ఎన్నో ఏళ్లుగా ఎండ మొహం చూడని ఆ దూది పరుపు అక్కడే చిరిగింది. పిండి గిర్నీలో లేచినట్టు గుప్పున దుమ్ము లేచింది. హన్మండ్లు తుమ్మాడు. మామూలు తుమ్ము కాదు, వెనక్కి తోసే తుమ్ము. పడిపోతూ కర్టెను పట్టుకున్నాడు. కర్టెను ఊడి అతని మీద, అతను కూలరు మీద, కూలరు మంచం మీద పడ్డాయి. తొట్టిలో నీళ్లన్నీ పరుపు మీదికి, గది నిండా పారాయి.

కాసేపు అందరూ కలిసి తుమ్మారు.

తర్వాత సత్యానందం తడిసిన పరుపును ఈడ్చుకెళ్లి గేటు బయట పడేశాడు. సుబ్బరత్నం కొంగు బిగించి కర్టెన్లు, దుప్పట్లు వేణ్నీళ్లలో వేసి ఉతికింది. నేలంతా పౌడరు బురదై చీపురుకు రాకపోయేసరికి యేసమ్మ తడిగుడ్డతో మూలమూలలూ తుడిచింది. ఆ రాత్రి చాప మీదే నిద్ర.

పొద్దున సత్యానందం లేచేసరికి యేసమ్మ చాప మీద కదలకుండా కూర్చుని ఉంది. అతనికి భయమేసింది.

"ఏమైంది?"

"ఆగు జర. తుమ్ము వస్తదేమోనని సూస్తున్న."

ఇద్దరూ ఎదురుచూశారు. రాలేదు. ఆమె మెల్లగా పల్లవి ఎత్తుకుంది. సత్యానందం డ్యూటీకి ఆలస్యమవుతున్నా కూర్చుని చరణం దాకా విన్నాడు.

ఈస్టర్ పొద్దున ఆ పాట చర్చి గేటు బయట సైకిళ్లు దిగినవాళ్లను కూడా నిలబెట్టింది. వెనక బెంచీలో సుబ్బరత్నం కళ్లొత్తుకుంది. ఆమె పక్కనే హన్మండ్లు, అంతా తన చేతి చలవే అన్నట్టు కూర్చున్నాడు.

ఆరాధన అయ్యాక సత్యానందం అడిగాడు. "ఏమోరా, గేటు బయట పడేసిన పరుపు మాయమైంది. నువ్వేమన్న సూసినవా?"

"ముద్దాయిని బయట వదిలేస్తరా? మా ఇంట్ల కస్టడీల పెట్టిన" అన్నాడు హన్మండ్లు గొంతు తగ్గించి. "దూది ఆరింది, కుట్లు ఏపిచ్చిన. రోజు రాత్రి దాని మీదనే పండుకొని విచారణ చేస్తున్న. ఇంకా నోరు..."

మిగతా మాట తుమ్ములో కొట్టుకుపోయింది.