తాతబాబు చెయ్యి పడ్డ గుట్ట

తెల్లవారుతుండగా పోతమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఫిషింగ్ హార్బర్‌కి బయల్దేరింది. వెనకే మొగుడు తాతబాబు. వేట మానేసి రెండేళ్లయినా, చేపల వేలం దగ్గర పెళ్లాం పక్కన గొంతుక్కూర్చుంటేనే ఆయనకి తెల్లవారినట్టు.

నాలుగు రోజులుగా ఆయన లుంగీ మడతలో ఒక రహస్యం తిరుగుతోంది. బీపీ మాత్రలు! "ఈ మందు వేసుకుని గబుక్కున లేస్తే నెత్తురు కాళ్లలోనే ఆగిపోతుంది, తలకి చప్పున అందదు. కళ్లు తిరుగుతాయి. నెమ్మదిగా లేవండి" అని డాక్టరు చెప్పాడు. ఈ సంగతి పోతమ్మ చెవిన పడితే ఇక హార్బర్ ముఖం చూడనివ్వదని తాతబాబు భయం. అందుకే నోరు కుట్టేసుకున్నాడు.

ఆ వేలంలో కట్టుబాటు ఒకటే. పాట నడుస్తుండగా చేపల గుట్ట మీద ఎవరి చెయ్యి పడితే సరుకు వాళ్లది. ఆ తరవాత దేవుడు దిగొచ్చినా తిరుగులేదు.

పాట పాడే అప్పలరాజు కవళ్లనే చిన్న చేపల గుట్టల దగ్గరికి వచ్చాడు. పోతమ్మ గురి మాత్రం అవతలున్న రొయ్యల మీద. అటు జరుగుదామని తాతబాబు చటుక్కున లేచాడు. లోకం నల్లబడింది. ఆసరా కోసం చాచిన చెయ్యి మణికట్టుదాకా కవళ్లలో దిగింది.

"తాతబాబు బావదే!" అన్నాడు అప్పలరాజు.

"ఏటి సేత్తన్నావ్ మావా? మనకి కవళ్లెందుకు?" పోతమ్మ గుడ్లురిమింది.

"నాను కాదే..." అంటూ కూలబడ్డవాడు అంతే విసురుగా మళ్లీ లేచాడు. ఈసారి రెండో గుట్ట. పోతమ్మ అరవలేదు. మొగుడి మొహంకేసి ఒక్కసారి పరీక్షగా చూసింది.

"ముప్పయ్యేళ్లు సముద్రం సూసినోడు! గాలివాన పసిగట్టీసినాడు. రేపు బోట్లు కదలవు!" అన్నాడు పక్కనున్న వీర్రాజు.

ఇక చూడాలి. తక్కిన గుట్టల మీద చేతులు టపటపా పడ్డాయి. పావుగంటలో కవళ్లన్నీ చెల్లు. గాలివాన పుట్టించిన వీర్రాజుకే చేప దొరక్క, పోతమ్మని బతిమాలి రెండు గుట్టలూ పట్టుకుపోయాడు.

గట్టెక్కానన్న సంబరంతో తాతబాబు మళ్లీ లేవబోయాడు. పోతమ్మ ఆయన మోకాలు అదిమిపట్టింది.

"నెమ్మది. ముందు కాళ్లు కదుపు. లుంగీలో మాత్రలు దాసీసినావు గానీ, లుంగీ ఉతికీది ఎవులు? మొన్ననే అవి సూపించి ఆస్పత్రి నర్సమ్మని అడిగినాను. నువ్వే సెప్తావని సూత్తన్నాను."

తాతబాబు మొహం వాడిపోయింది. "అయితే రేపట్నుంచి నన్ను రానియ్యవేటి?"

"నువ్వు ఇంటికాడుంటే నాకు పాట మీద మనసుంటాదేటి?" పోతమ్మ దగ్గరికి జరిగి భుజం ఒగ్గింది. "రా మావా. నా భుజం పట్టుకుని లే, అంతే."

మర్నాడు ఒక్క బోటూ ఆగలేదు, గాలివానా రాలేదు. అయినా పాట మధ్యలో తాతబాబు కదలగానే అందరి కళ్లూ ఆయన చేతి మీదే. ఆయన నెమ్మదిగా లేచి, పోతమ్మ భుజం మీద చెయ్యి వేశాడు.

"సెయ్యి పడిపోనాది బావా," అన్నాడు అప్పలరాజు. "మరి తిరుగునేదు."