నలభై ఏడో నంబరు గోడ

నెత్తురు పరీక్ష రిపోర్టు ఆలస్యంగా రావడమంత మేలు మనిషికి మరొకటి లేదని నేను బల్ల గుద్ది చెబుతాను! గుద్దడానికి ప్రస్తుతం బలం చాలడం లేదు గానీ, చెప్పడం మాత్రం చెబుతాను.

మాది అచ్చంపేటకు పది మైళ్ల అవతల చిన్న ఊరు. వానలు పట్టగానే చలిజ్వరం వస్తుంది. దాని వెనకే సైకిలు మీద మలేరియా వర్కరు దస్తగిరి వస్తాడు. జ్వరమొచ్చిన వాళ్ల వేలు పొడిచి, గాజు స్లైడు మీద చుక్క నెత్తురు తీసి, నాలుగు చేదు గోలీలు చేతిలో పెడతాడు. స్లైడు నంబరును ఆ ఇంటి తలుపు వెనక గోడ మీద బొగ్గుతో రాస్తాడు. పేర్లున్న కాగితం స్లైడుతోనే వెళ్లిపోతుంది గనుక ఊళ్లో మిగిలే ఆధారం ఆ గోడే.

స్లైడు బస్సెక్కి పట్నంలోని పెద్ద ల్యాబుకు పోతుంది. మన ఒంట్లో దూరిన క్రిమి ఏ రకమో అక్కడ తేలుస్తారు. దినం విడిచి దినం వణికించి పోయే మర్యాదస్తుల రకమా, నెత్తికెక్కి ప్రాణం తీసే రకమా? రకం తెలిస్తే గానీ ఏ మందు ఇవ్వాలో తెలియదు.

తేలడానికి రెండు నెలలు! ఎంత చక్కని ఏర్పాటో చూడండి. జ్వరమొచ్చిన మా ఎదురింటి పెద్దులు రిపోర్టు కోసం ఎదురు చూస్తూనే పల్లికాయ పీకించి, కొడుక్కి పిల్లను కూడా చూసి వచ్చాడు. మర్నాడే తెలిసి ఉంటే మంచం పట్టేవాడు కాదూ? ఇక ఆ క్రిమి ఫలానాదని పట్నంలో తేలేలోపు దాని మునిమనవలు పక్క ఊళ్లో కాపురాలు పెట్టేశారు.

మొన్న రిపోర్టు వచ్చింది, పేర్లు లేకుండా ఉత్త నంబర్లతో. అన్నీ మామూలువే. నలభై ఏడో నంబరు మాత్రం ప్రాణం తీసే రకం, వెంటనే పెద్ద మందు పడాలి. ‘వెంటనే’ కింద రెండు గీతలు!

నలభై ఏడు ఎవరిది? చూద్దామంటే గోడలన్నీ తెల్లగా మెరిసిపోతున్నాయి! పక్కింటి బాబా మియా కూతురు జాహేదా పెళ్లికని సున్నం తడిపితే, మిగిలింది పారబోయడం ఎందుకని వాడకట్టంతా తలా ఇంత పూసుకున్నాం.

ఆ పూట జ్వరం లేనివాళ్లు కూడా దుప్పట్లు కప్పుకున్నారు. దస్తగిరి కొడవలి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి గోడలు గీకాడు. సున్నం కింద నిరుటి నంబర్లు, వాటి కింద ముందటేటి నంబర్లు బయటపడ్డాయి. ఎప్పుడో జ్వరంతో పోయిన అత్తగారి నంబరు కనబడితే నర్సింగమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

చివరికి ఒక తలుపు వెనక ఈ ఏటి నలభై ఏడు దొరికింది. అది మా తలుపు.

మా ఇంట్లో జ్వరమొచ్చింది నాకొక్కడికే. అది రెండు నెలలుగా వచ్చి పోతూనే ఉంది. మా ఆవిడ అండాలు గోడ వంక చూసి, నా వంక చూసింది.

“రెండు నెలల సంది గీ మనిషి నా ముందట్నే వణుకుతాండు. గప్పుడే చెప్తె ఏం పోతుండె దస్తగిరన్నా?”

“నేను నెత్తురు తీసెటోన్ని చెల్లె. చూసెటోళ్లు పట్నంల ఉంటరు” అన్నాడు దస్తగిరి తల వంచుకుని.

కాబట్టి పాఠకులారా, ఇది దవాఖాన మంచం మీద నుంచి రాస్తున్నాను. పెద్ద మందు పడుతోంది, చెవుల్లో గుయ్యిమంటోంది. బతుకుతానని డాక్టరు అంటున్నారు. చలి వచ్చినప్పుడల్లా నేను చెబుతుంటే అండాలు రాసింది. మధ్యలో ఎక్కడైనా తిట్టులా అనిపిస్తే అది ఆమె సొంతం.

జబ్బు పోయిందో లేదో తెలియాలని నిన్న మళ్లీ వేలు పొడిచారు. ఆ స్లైడు పొద్దుటి బస్సుకు పట్నం వెళ్లింది. నా మంచానికి మూడడుగుల దూరంలో, బల్ల మీద, ఆకుపచ్చ గుడ్డ కప్పుకుని ఒక మైక్రోస్కోపు ఉంది. ఆరేళ్లుగా ఉందట. అందులోకి చూసే మనిషిని ఇంకా వేయలేదట.

ఈసారి నా నంబరు నూట మూడు. మంచం పక్క గోడ మీద రాసి ఉంది. దయచేసి సంక్రాంతి దాకా ఎవరూ సున్నం వేయకండి.