పచ్చ జిల్లా

ఖండం మొత్తంలో నిరుపేద జిల్లాను ఒక్క ఏడాదిలో ఖండం మొత్తంలో ధనిక జిల్లాగా మారుస్తానని మంత్రిగారు ప్రకటించారు. ఆయన మాట ఇస్తే తప్పరు. తప్పినవేమైనా ఉంటే అవి ఆయన ఇచ్చినవి కావు, మేం విన్నవి.

ప్రాంతీయ సమానత్వ శాఖలో గోడ మ్యాపుకి రంగులు వేసే ఉద్యోగం నాది. పేద జిల్లాకి ఎరుపు, ధనిక జిల్లాకి పచ్చ. ఖండ సహాయ నిధి వారి డయాలిసిస్ వ్యాను ఎర్ర జిల్లాలకే వెళుతుంది. ఆ నిరుపేద జిల్లాలోనే మా అక్క కుట్టుమిషను పెట్టుకుంది. కిడ్నీలు చెడిపోయిన మా బావ వారానికి రెండుసార్లు ఆ వ్యాను ఎక్కి బతుకుతున్నాడు. అందుకే ఆ జిల్లా దగ్గరికి వచ్చేసరికి ఎరుపు కాస్త గట్టిగానే దట్టించేవాణ్ణి.

"ఫ్యాక్టరీ పెడదామా సార్?" అన్నారు కార్యదర్శిగారు.

"పొగ."

"పోనీ, రోడ్డు?"

"దుమ్ము. కంపెనీ అడ్రసు ఎక్కడుంటే ఆదాయం అక్కడి లెక్కలోకే కదయ్యా వస్తుంది? అడ్రసులు మార్చండి. మనుషుల్ని కదిలించకండి, పాపం."

నెల తిరక్కుండా రాజధానిలోని మూడు వందల పన్నెండు కంపెనీల అడ్రసులు మా అక్క కొట్టు పైనున్న గదికి మారాయి. బోర్డులు తలుపు మీద పట్టక మెట్ల దాకా దిగాయి.

"ఒరే తమ్ముడూ, మా మేడ మీదికి మూడొందల కంపెనీలొచ్చాయటగా! ఒక్కడూ చొక్కా గుండీ కూడా కుట్టించుకోడేంట్రా?" అని అక్క ఫోన్ చేసింది.

జిల్లా తలసరి ఆదాయం నలభై లక్షలకు చేరింది. మా బావతో కలిపి. నేను పచ్చ రంగు వేశాను. ఈ అద్భుతాన్ని అధ్యయనం చేయడానికి పై దేశాల ప్రతినిధులు వచ్చారు.

"అభివృద్ధి ఎలా ఉందమ్మా?" అని ఒకాయన అక్కనడిగాడు.

"రోజూ ఆ మెట్లు తుడవలేక చస్తున్నానండీ."

ఆయన 'ఉపాధి' అని రాసుకున్నాడు.

ఆ మరుసటి వారం వ్యాను రాలేదు. నేను కార్యదర్శిగారి గదికి పరుగెత్తాను.

"సార్, మా బావ..."

"నలభై లక్షల మనిషికి ఉచిత వైద్యమా? సమానత్వం ఏమైపోవాలయ్యా?"

వ్యాను ఎక్కడికీ పోలేదు. అడ్రసులన్నీ పోయిన రాజధాని లెక్క ప్రకారం ఎర్ర జిల్లా అయింది. వ్యాను ఇప్పుడు మంత్రిగారి వీధిలోనే ఆగుతోంది.

అక్క ఆరు గంటలు బస్సులో కూర్చుని బావను తీసుకొచ్చింది. ఆయన ముఖం ఉబ్బిపోయింది. చూడగానే నాకు భయమేసింది. ఇద్దరినీ వ్యాను దగ్గరికి తీసుకెళ్ళాను. లోపల మంత్రిగారి మామగారు చేతికి గొట్టాలతో, కాళ్ళు చాపుకుని పేపరు చదువుకుంటున్నారు.

డ్రైవరు బావ కార్డు చూసి వెనక్కిచ్చాడు. "మీది పచ్చ జిల్లా అమ్మా. ఇది పేదలకి."

అక్క నా చెయ్యి పట్టుకుంది. "మా ఊరి మీద ఒక్క చుక్క ఎరుపు వెయ్యలేవట్రా?"

"అయిపోయిందక్కా. రాజధాని పెద్దది కదా, డబ్బా అంతా దానికే పట్టింది."