చలికి వచ్చే తెల్లది

ఆ డిసెంబరు ఉదయం ల్యాబు టెక్నీషియను పైడిరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. తల్లి చిన్నమ్మి రక్తంలోంచి వేరుచేసిన పసుపురంగు ద్రవం గాజుగొట్టంలో ఉంది. ల్యాబులో ఫ్రిజ్ పాడైంది కనక, తమ రైల్వే క్వార్టర్‌లోని ఫ్రిజ్‌లోనే ఏడు రోజులు ఉంచాలి. చలికి అడుగున తెల్లటి మడ్డి పేరుకుని, వెచ్చదనానికి కరిగిపోతే రోగం దొరికినట్టే. చలికాలం వస్తే చాలు, ఆమె వేళ్లు నీలంగా మారి కొనలు నల్లబడుతున్నాయి. ఆలస్యమైతే వేళ్లు దక్కవన్నాడు డాక్టరు. అప్పట్నించీ పైడిరాజుకి అన్నం సయించడం లేదు.

అయితే పెరుగు పక్కన నెత్తురు పెట్టానంటే చిన్నమ్మి ఫ్రిజ్‌నే వీధిలోకి గెంటేస్తుంది. అందుకే చెప్పకుండా ఆవకాయ సీసా వెనక దాచి డ్యూటీకి పోయాడు.

మూడోనాడు పెరుగు కోసం చెయ్యి పెడితే చిన్నమ్మికి గొట్టం తగిలింది. అడుగున తెల్లగా ఏదో ముడుచుకుని పడుకుంది. పొయ్యి దగ్గర పట్టుకుని చూస్తుండగానే అది మాయమైంది. గబుక్కున మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టేసింది. మర్నాడు చూస్తే తెల్లది అక్కడే ఉంది.

"ఓలమ్మో, పిల్లోడికెవులో చేతబడి చేసీసినారు!" అనుకుంది. జడుసుకుంటాడని కొడుక్కి చెప్పలేదు. ఆరోనాడు అతను డ్యూటీకి వెళ్లగానే దగ్గర్లోని కోటా ఊరి నుంచి హిందీ మాట్లాడే భూతవైద్యుడు బైగాని రప్పించింది.

బైగా గొట్టాన్ని ధూపం మీద తిప్పాడు. తెల్లది కరిగిపోయింది. "భాగ్ గయా!" అంటూ అది పారిపోయిందని ప్రకటించి, గొట్టాన్ని నిమ్మకాయతో కలిపి పెరటి గుమ్మానికి కట్టాడు. అది చలికి వచ్చే రకమనీ, ఒళ్లు వెచ్చగా ఉంచుకోమనీ హెచ్చరించి వెళ్లాడు.

ఏడోనాడు పొద్దున్నే ఫ్రిజ్ తెరిచిన పైడిరాజుకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"అమ్మా, ఇక్కడ గొట్టమేటయింది?"

"నీకూ తెలిసిపోనాదేట్రా? దెయ్యాన్ని వదిలించీసినాను. పొగెడితే పారిపోనాది."

"దెయ్యం కాదమ్మా, నీ నెత్తురు! నిప్పు మీద ఉడికిపోతే పరీక్షకి ఇంకేటి పనికొస్తాది? నీ వేళ్లు..."

చిన్నమ్మి బిక్కమొహంతో పెరటి గుమ్మం చూపించింది. తెల్లవార్లూ మంచుగాలికి ఊగిన గొట్టంలో, నిమ్మకాయ కింద, తెల్లది మళ్లీ వచ్చి కూర్చుంది. ఆమె కెవ్వుమంది. పైడిరాజు గొట్టాన్ని తెంపి గుప్పిట్లో బిగించాడు. కాసేపటికి అది మెల్లగా కరిగింది. ఉడకలేదు!

"అదేనమ్మా! దొరికీసింది!" అంటూ ఏడుస్తూ నవ్వుతూ గంతులేశాడు. దెయ్యం కొడుక్కి పట్టిందనుకుని చిన్నమ్మి వేపమండ అందుకుంది.

రెండు దెబ్బలు తిన్నాక గానీ అతను విషయం చెప్పలేకపోయాడు. సాయంత్రం డాక్టరు రిపోర్టు చూసి, వేళ్లకేం భయం లేదని మందులు రాశాడు. చలికి వచ్చే రోగం కాబట్టి ఒళ్లు వెచ్చగా ఉంచుకోమన్నాడు.

చిన్నమ్మి కొడుకు వైపు తిరిగింది.

"అచ్ఛా! ఈ మాటకి నీకు ఏడు రోజులు పట్టిందేట్రా? బైగా అరగంటలో చెప్పీసినాడు."