మూడో పీపా

చదువు నాకు అరవై దాటాక వచ్చింది. ఒత్తులు ఎక్కడైనా తప్పితే సర్దుకుని చదవండి. ఈ కాస్త రాయడానికి చాలా రోజులే పట్టింది, అదీ మన్నించండి.

ఆ ఉదయం మా ఎదురింటి ద్రాక్షతోటాయన వేసుకున్న పథకం చిన్నదే. పెయింటరు ముందు గోడ మీద "ద్రాక్ష తప్ప ఇంకేమీ కలపలేదు" అని పెద్ద అక్షరాలతో రాయాలి. మధ్యాహ్నం హోటలావిడ వచ్చి అది చదివి, వైన్ రుచి చూసి, ఆరు పీపాలూ తీసుకుంటానని చెప్పాలి. ఆవిడ కాదంటే వచ్చే ఏడాది నుంచి కాయంతా ఫ్యాక్టరీకి తోలేసి, పీపాలు అటకెక్కించాల్సిందే.

తోటాయన మాట మీద నిలబడే మనిషి. కలుపుమందు చల్లడు, తోటలో గొర్రెల్ని తోలి గడ్డి మేపిస్తాడు. పీపాలు కడిగిన నీళ్లు పాదులకే పారిస్తాడు. బయటి ఈస్ట్ కొనడు, పండు తొక్క మీద ఉన్నదే రసాన్ని పులియబెట్టాలంటాడు. నిల్వ కోసం గంధకం అసలే వేయడు. భోజనాల దగ్గర ఇంట్లోవాళ్లకు ఇవన్నీ పాఠం చెప్పనిదే ఆయనకు ముద్ద దిగదు. "పీపాలో వేలెడు ఖాళీ ఉండకూడదు. గాలి చేరిందా, వైన్ కాస్తా వెనిగర్!" అన్నది అందులో ముఖ్యమైన పాఠం.

పెయింటరు "ద్రాక్ష తప్ప" దాకా వచ్చేసరికి ఫోను మోగింది. మాట్లాడేది వైన్ పరీక్షించే ల్యాబులో అమ్మాయి. తోటాయన తన గర్వమంతా పెట్టుకున్న మూడో పీపా నుంచే నమూనా పంపాడు.

"సార్, గంధకం కొంచెం కనిపించింది. అయితే..."

ఆ "అయితే" తర్వాత ఏముందో వినే ఓపిక తోటాయనకు లేకపోయింది. ఫోను పెట్టేసి, "ఆపవయ్యా!" అని పెయింటరు మీద అరిచి, ఇంటిల్లిపాదినీ నేలమాళిగలోకి దింపాడు.

"ఎవరు కలిపారు?"

మామగారు పైకప్పు వంక చూశారు.

"మావయ్యగారూ!"

"గంధకం సంగతి నాకు తెలీదు అల్లుడూ. నేను పోసింది నీళ్లే."

"నీళ్లా!"

"రోజూ భోజనానికి ముందు ఒక్క గ్లాసు తీసుకునేవాణ్ణి. ఖాళీ ఉండకూడదని నువ్వేగా చెప్పావు? ఎంత తీశానో అంతా నింపేశాను. ఒక్కరోజు మర్చిపోయుంటే ఒట్టు!"

తోటాయన భార్య తల కొట్టుకుంది. "అదా నాన్నా సంగతి! ఇంత చప్పగా ఉందేమిటా అని నేను ద్రాక్షరసం మరగకాచి పోశానండీ."

"ఎప్పుడు?"

"మీరు అందర్నీ పిలిచి, పీపాకి చెవి ఆనించి వినమన్నారు చూడండి, దానికి ముందురోజు."

తోటాయనకు అది బాగా గుర్తుంది. అణిగిపోయిన వైన్ ఆ రోజు మళ్లీ బుసబుసా పొంగింది. "విన్నారా, నేల మాట్లాడుతోంది!" అని కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు.

"మరి ఆ పులుపు?" అన్నాడు. ఆ పులుపునే కొండగాలి రుచి అని ఊరంతా చెప్పుకొచ్చాడు మరి.

తమ్ముడు చెయ్యెత్తాడు. "నిమ్మకాయలన్నయ్యా. వదిన తీపి రసం పోసిందని తెలిస్తే ఇంకో నాలుగు పిండేవాణ్ణి."

"మిగతా అయిదు పీపాలు?"

"అవి పై వరుసలో ఉన్నాయి అల్లుడూ," అన్నారు మామగారు బాధగా. "నా మోకాళ్లు ఎక్కనివ్వలేదు."

"బాగున్నవాటి జోలికి మేమెందుకు పోతాం?" అన్నారు వదినా మరుదులు.

ఇంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు. హోటలావిడ ముందే వచ్చేసింది.

"ఏమండీ, గోడ మీద 'ద్రాక్ష తప్ప' అని ఉంది. ద్రాక్ష తప్ప అన్నీ కలుపుతారా?"

తోటాయన నోరు తెరిచేలోగా ఫోను మళ్లీ మోగింది. కంగారులో స్పీకరు నొక్కాడు.

"పూర్తిగా వినకుండా పెట్టేశారేంటి సార్! రసం పులిసేటప్పుడు ఈస్ట్ తనంతట తనే కాస్త గంధకం తయారుచేస్తుంది. ఇది అంతే. మీరేమీ కలపలేదని నేను రాసిస్తాను."

"ఇంకేం మరి!" అంది హోటలావిడ. "ఆరు పీపాలూ నావే."

మామగారు అల్లుడి వైపు చూసి పెదవుల మీద వేలు పెట్టుకున్నారు. భార్య వెనక నుంచి గిల్లింది. తోటాయన ఒక్క క్షణం ఇద్దరినీ చూశాడు.

"ఆగండమ్మా," అని నీళ్ల దగ్గర మొదలుపెట్టి నిమ్మకాయల దాకా మొత్తం చెప్పేశాడు. "ఈ పీపా నేను అమ్మను. పైన ఉన్న అయిదూ రుచి చూడండి. వాటికి నాదీ పూచీ."

ఆవిడ నవ్వాపుకోలేక మెట్టు మీద కూలబడింది. తర్వాత అయిదూ నెమ్మదిగా చప్పరించి చూసింది, ఒక్కొక్కటీ ఒక్కో రుచి.

"ల్యాబుకి దొరకని నీళ్లు కూడా మీరే పట్టిచ్చారు. వీటికి ఇంక పరీక్షలెందుకు? అయిదూ పంపండి. వచ్చే ఏడాదివీ నాకే," అంది.

సాయంత్రానికి గోడ మీద వాక్యం పూర్తయింది. మూడో పీపాను మామగారికే ఇచ్చేశారు. అది ఎంత ఖాళీ అవుతున్నా ఆయన ఇప్పుడు అందులో చుక్క నీళ్లు పోయడం లేదు.

— సీసాలమ్మ. డెబ్బై ఒకటి నిండాయి. ఇప్పుడు ఉంటున్నది ఆ గోడకు ఎదురింట్లో.