పాత కుర్చీల కొలతలు

ఇదిగో, నిన్నే! ఫోనుకి మూడు తాళాలేసుకుని పెద్ద మొనగాడిలా తిరుగుతున్నావు చూడు, నిన్నే పిలుస్తున్నా. ఏదైనా దాచాలంటే తాళం కాదు నాయనా, బుర్ర కావాలి. మన అల్లుడికి ఆ బుర్ర కాస్త ఎక్కువే ఉంది. వచ్చిన తంటా అంతా దాంతోనే.

అల్లుడు పనిచేసేది మామగారి కుర్చీల కంపెనీలో. పైన ఆఫీసు, కింద చెక్కలు కోసే వర్క్‌షాపు. కంప్యూటర్లో కుర్చీల బొమ్మలు గీయడం అతని పని. చేతిలో కలం, ఎదురుగా పొద్దస్తమానం మామగారి మొహం. గీయకుండా ఎలా ఉంటాడు? పొట్ట ముందుకు తన్నుకొచ్చిన సోఫాగా మామగారు, ఒక కాలు విరిగి కుంటుతున్న స్టూలుగా మామగారు, సగం మడతపడి ఇరుక్కుపోయిన పడక్కుర్చీగా మామగారు! మూడేళ్లలో నలభై ఒక్క బొమ్మ. ఎవరేం గీసినా ఉమ్మడి కంప్యూటర్లోనే దాచాలని మామగారి రూలు. అల్లుడూ అక్కడే దాచి, ఆ ఫోల్డరుకి "పాత కుర్చీల కొలతలు" అని పేరు పెట్టాడు. ఆ పేరు చూసి ఎవడు తెరుస్తాడు చెప్పు? నువ్వు తెరుస్తావా? ఆవలించి పక్కకి పోతావు.

ఆ రోజు పొద్దున్నే ఆఫీసు మెట్లెక్కుతూ మామగారు చల్లగా ఒక మాటన్నారు.

"అల్లుడుగారూ, ఉమ్మడి కంప్యూటరు ముసలిదైపోయింది. పదకొండింటికి మెకానిక్ వచ్చి, అందులోవన్నీ గోడమీది టీవీలో చూపిస్తాడు. అందరం కూర్చుని ఏది ఉంచాలో, ఏది పారెయ్యాలో తేల్చేద్దాం."

అల్లుడికి మెట్టు తప్పింది. ఉద్యోగం మామగారిది. ఉంటున్న ఇల్లు మామగారిది. పెళ్లామా, మామగారి గారాల కూతురు. సోఫా బొమ్మ ఒక్కటి గోడెక్కిందంటే ఈ మూడింట్లో ఒక్కటీ మిగలదు.

చెత్త ఫోల్డర్లు తుడిచెయ్యడానికి బావమరిది ఎప్పుడో ఐదు లైన్ల స్క్రిప్టు, అదే చిన్న ప్రోగ్రాం, రాసిచ్చాడు. అల్లుడు అందులో ఫోల్డరు పేరు కొట్టి నొక్కాడు. "పాత అనే ఫోల్డరు లేదు" అంది. బావమరిదికి ఫోను చేశాడు.

"పేరు మధ్యలో ఖాళీలున్నాయి కద బావా, మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. పేరు మొత్తానికి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టు."

పెట్టాడు. నొక్కాడు. "ఈ ఫోల్డరును ఒకరు తెరిచి ఉంచారు. తొలగించడం కుదరదు."

"ఎవర్రా తెరిచింది?"

"పేరు చెప్పదు బావా, ఎంతమందో చెబుతుందంతే. వెళ్లి మూయించు. ఇంతకీ ఏముంది అందులో?"

"కొలతలు."

"కొలతలకి ఇంత కంగారా?"

"పాత కొలతల్రా!" అని ఫోను పెట్టేశాడు.

ముందు ఫోన్లు ఎత్తే అమ్మాయి దగ్గరికెళ్లాడు. "అమ్మాయ్, పాత కుర్చీల కొలతలు అని ఒక ఫోల్డరుంది. నీ దగ్గర తెరిచుంటే మూసెయ్."

"నాకెందుకండీ అవి?"

"లేకపోతే సరే. తెరవకు మాత్రం."

తెరవకు అన్నాక తెరవనివాళ్లు ఈ భూమ్మీద పుట్టలేదు. అతను సీటుకొచ్చి నొక్కేసరికి "ఇద్దరు" అంది. గోదాము చూసే పెద్దాయన్ని అడిగొచ్చాడు, "ముగ్గురు" అంది. కిందికి దిగి వడ్రంగి మేస్త్రిని అడిగాడు.

"మీరు చెప్పాక ఇంకా తెరుస్తామా బాబూ!" అన్నాడు మేస్త్రి, కళ్లజోడు వెతుక్కుంటూ. నలుగురు.

పదిన్నరయింది. అల్లుడికి చెమటలు. ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ పోతే తెల్లారినట్టే అనుకుని వర్క్‌షాపు మైకు అందుకున్నాడు. "అందరికీ మనవి! పాత కుర్చీల కొలతలు అన్న ఫోల్డరు ఎవరూ తెరవద్దు. ఎవరూ అంటే ఎవరూ!"

పైకొచ్చి నొక్కాడు. తొమ్మిదిమంది. కంపెనీలో ఉన్నవే పది కంప్యూటర్లు, పదోది తనది. కింద ఒక రంపం చప్పుడు ఆగి, ఎవడో కిసుక్కుమన్నాడు.

ఇంక బుర్ర పనిచెయ్యడం మానేసింది. తిన్నగా వెళ్లి మెయిన్ స్విచ్ కిందికి లాగేశాడు. రంపాలు ఆగాయి, ఫ్యాన్లు ఆగాయి, నవ్వులు కూడా ఆగాయి. కిటికీల్లేని నడవంతా చీకటి. మామగారి గది తలుపు కింద మాత్రం నీలం వెలుగు. ఆయన కంప్యూటరుకి బ్యాటరీ ఉందన్న సంగతి అల్లుడికి అప్పుడు గుర్తొచ్చింది.

తలుపు తోశాడు. మామగారు కళ్లు తుడుచుకుంటున్నారు. ఎదురుగా తెర మీద పదిహేడో నంబరు బొమ్మ, కాలు విరిగిన స్టూలు.

"మామగారూ, తప్పయిపోయింది! కావాలంటే నన్ను..."

"ముందు తలుపెయ్యండి" అన్నారు మామగారు గుసగుసగా. ఆయన ఏడవడం లేదు, నవ్వు ఆపుకోలేకపోతున్నారు.

"మీరు... ఎప్పుడు చూశారు?"

"రెండేళ్లయింది. ఒక మడత కుర్చీ కొలత కావలసొచ్చి వెతికాను. ఈ కంపెనీలో పాత కుర్చీల కొలతలు కావలసినవాడు నేను కాక ఇంకెవడున్నాడండీ? అప్పట్నుంచీ రోజూ పొద్దున ఒకటి చూస్తేగాని పని మొదలెట్టను. పదకొండింటికి ఇవి గోడెక్కకుండా నా దాంట్లోకి ఎక్కించుకుంటున్నా. ఇరవై అయ్యాయి, ఇంతలో కరెంటు చచ్చింది."

అల్లుడు అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు.

"నన్ను చూస్తే అందరూ లేచి నిలబడతారు, తల దించుకుంటారు" అన్నారు మామగారు తెర వైపు చూస్తూ. "నా మొహం ఇంత శ్రద్ధగా చూసింది మీరొక్కరే. ఆపకండి. కాకపోతే కిందవాళ్లకి తెలిస్తే నాకు విలువుంటుందా? ఒక్కడి కంటా పడకూడదు. మైకులో గట్టిగా చెప్పారు, మంచి పని చేశారు. మెకానిక్‌ని రేపు రమ్మంటాను. మనవాళ్లు బుద్ధిమంతులు, వద్దన్నది చెయ్యరు."

అల్లుడు లేచి తలూపాడు. "అంతేనండీ. ఒక్కరూ తెరవలేదు."

వెళ్లి స్విచ్ పైకి నెట్టాడు. లైట్లు వెలిగేసరికి, కింద మేస్త్రి కరెంటు పోకముందే ప్రింటు తీసిన పదిహేడో నంబరు బొమ్మ పక్కన కొలత టేపు పెట్టి, ఫ్రేముకి టేకు చెక్క సరిపోతుందో లేదో చూసుకుంటున్నాడు.