సనోబర్ క్లబ్‌లో విదేశీ ఆటగాణ్ని మార్చే విధానం

మానవజాతి ఇంతవరకు కనిపెట్టిన న్యాయవ్యవస్థలన్నింటిలోనూ లెబనాన్ కొండల్లోని మా సనోబర్ బాస్కెట్‌బాల్ క్లబ్ పాటించేదే అత్యుత్తమమైనది. వరుసగా మూడు మ్యాచ్‌లు ఓడితే విదేశీ ఆటగాణ్ని మారుస్తారు. విచారణ లేదు, అప్పీలు లేదు, వాయిదాలు అసలే లేవు.

విదేశీయుణ్నే ఎందుకని బయటివాళ్లు అడుగుతుంటారు. జట్టులో మార్చడానికి వీలున్నవాడు అతనొక్కడే కనుక. కోచ్ క్లబ్ అధ్యక్షుడికి బావమరిది. బంతి నడిపే కుర్రాడి తండ్రి ఊరికంతటికీ కరెంటిచ్చే జనరేటర్ యజమాని (ఆ కుర్రాణ్ని బెంచి మీద కూర్చోబెట్టిన ఏకైక సాయంత్రం హాల్లో దీపాలు ఆరిపోయాయి, సాంకేతిక కారణమని తేల్చారు). బుట్ట కింద నిలబడేవాడు బిషప్‌గారి మేనల్లుడు. అతను నిలబడతాడు, అంతే.

అందుచేత ఫిబ్రవరిలో మూడో ఓటమి పూర్తికాగానే ఓటిస్ మాబ్రీ వంతు వచ్చింది. అమెరికావాడు, ముప్ఫై ఆరేళ్లు. ట్యునిస్‌లో ఆడాడు, అమ్మాన్‌లో ఆడాడు, మనామాలో ఆడాడు. ఒక్క క్లబ్బూ సీజన్ చివరిదాకా ఉంచుకోలేదు. మా అరబ్బీ మాలాగే మాట్లాడతాడు, బూతులు మాకంటే స్పష్టంగా పలుకుతాడు. ఇంకోసారి మధ్యలో తీసేస్తే అరిగిపోయిన తన మోకాలిని చూసి మరే క్లబ్బూ పిలవదని అతనికి బాగా తెలుసు.

తీసేశామని ఆటగాడి మొహం మీద చెప్పడం మా దగ్గర అమర్యాద. క్లబ్ డ్రైవర్ అబూ షర్బెల్ పొద్దున్నే కాఫీ తెచ్చి, "పెట్టె ఎంత బరువుంటుంది తమ్ముడూ?" అని అడుగుతాడు.

"ఒక్కణ్నే మోసుకోగలను," అన్నాడు మాబ్రీ. "కొత్తవాడెవరు?"

"సెర్బియావాడు. గుమ్మంలో వంగి రావాలట."

"ఆడతాడా?"

"వంగుతాడని మాత్రమే చెప్పారు."

కారు బేరూత్ విమానాశ్రయం దగ్గరకొచ్చేసరికి అధ్యక్షుడు ఉస్తాద్ నాయిఫ్ షల్హూబ్ ఫోన్ చేశాడు. సెర్బియావాడు ఇస్తాంబుల్‌లో విమానం మారుతూ క్లబ్బు కూడా మారిపోయాడు. ఇక్కడేమో స్వాగతానికి ఊరు ఊరంతా దిగింది.

"టీవీవాళ్లు కూడా వచ్చారు. ఎవరో ఒకరు దిగాలి," అన్నాడు అధ్యక్షుడు. "ఓటిస్, నువ్వు పొడుగ్గా ఉన్నావు."

"ఉస్తాద్, నేను పోతున్నవాణ్ని."

"పై అంతస్తులో పో, కింద అంతస్తులో రా. లిఫ్టుంది."

"జనం గుర్తుపట్టరా?"

"సెప్టెంబరు నుంచి తిడుతున్నారు హబీబీ. తిట్టేటప్పుడు మొహం ఎవరు చూస్తారు? గడ్డం గీసుకో. ఇంకో పేరేమైనా ఉందా?"

"జెరోమ్. మా అమ్మకు కోపమొస్తే పిలిచేది."

"పునీతుడి పేరు. శుభం."

"సీజన్ చివరిదాకా ఉంచుతారా మరి?"

"ముందు జెరోమ్ ఎలా ఆడతాడో చూడనీ."

కస్టమ్స్‌లో అబూ షర్బెల్ తోడల్లుడు ఉన్నాడు (ప్రతి కుటుంబానికీ ఒకరుంటారు). కాసేపటికి జెరోమ్ మాబ్రీ తలుపు తోసుకుని బయటికొచ్చాడు. లీగ్ నిబంధనల ప్రకారం విదేశీయుడు మారాడనడానికి రుజువులు పూలగుత్తి, డప్పు, టీవీ. అన్నీ ఉన్నాయి కనుక లీగ్ తరఫున వచ్చిన ఆగమనాల విభాగాధిపతి అక్కడికక్కడే ముద్ర వేశాడు.

అందరికంటే ముందు భుజాన ఎత్తుకున్నది మాంసం కొట్టు తానియోస్. పాత మాబ్రీని తిట్టడంలో అతనికి ఊళ్లో పోటీ లేదు.

"భుజాలు చూడండయ్యా, భుజాలు," అన్నాడు రొప్పుతూ. "వీడయ్యా మనిషంటే. ఆ పాతవాడు కోట్లు తగిలించుకునే కొయ్య."

"అతనూ కష్టపడేవాడని విన్నాను," అన్నాడు జెరోమ్ పైనుంచి.

"నువ్వు వాడి ఆట చూడలేదు నాయనా. అదృష్టవంతుడివి."

జెరోమ్ రాగానే రెండు మ్యాచ్‌లు గెలిచాం. కుర్రరక్తమంటే ఇదేనని టీవీ విశ్లేషకుడు మెచ్చుకున్నాడు. ఇతని మోకాలు పాతవాడి మోకాలికంటే ఎంత సాఫీగా వంగుతుందో బొమ్మ ఆపి మరీ చూపించాడు. ఆ తర్వాత మూడు ఓడిపోయాం.

తానియోస్ కొట్టు ముందు జనం పోగయ్యారు. "ఓటిస్ ఉంటే ఇలా జరిగేదా?" అన్నాడతను కత్తి నూరుతూ. "బంగారంలాంటి వాణ్ని తరిమేశాం. ఈ జెరోమ్ చూపుకి బాగుంటాడు, అంతే." సాయంత్రానికి గోడలన్నిటి మీదా ఓటిస్ బొమ్మ వెలిసింది. పాతవాణ్ని వెనక్కి రప్పించాలని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది.

అధ్యక్షుడు స్వయంగా మాబ్రీ ఫ్లాటుకు వెళ్లాడు. మాబ్రీ మోకాలి మీద ఐసు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఓటిస్ నీకు బాగా కావలసినవాడు కదా," అన్నాడు అధ్యక్షుడు. "ఒక మాట చెప్పి చూడు."

"చెప్పాను ఉస్తాద్. రానంటున్నాడు."

"జీతం చాలదా?"

"జీతం గొడవ కాదు. జెరోమ్‌ను మధ్యలో గెంటేస్తున్నారని విన్నాడు. అలాంటివాళ్లను ఎలా నమ్మేదంటున్నాడు. తనను సీజన్ చివరిదాకా కదిలించబోమని సంతకం పెట్టిస్తే ఆలోచిస్తాడట."

"తన స్థానంలోకి వచ్చినవాడి కోసం ఇంత బాధపడుతున్నాడా," అన్నాడు అధ్యక్షుడు. "ఇలాంటి మనిషిని వదులుకున్నామా మనం." జేబులోంచి కలం తీసి సంతకం పెట్టేశాడు.

గడ్డం పెరగడానికి క్లబ్ వారం గడువిచ్చింది. ఆదివారం అబూ షర్బెల్ జెరోమ్‌ను పై అంతస్తులో దించాడు. సాగనంపడానికి ఎవరూ రాలేదు, ఊరంతా కింద డప్పులతో ఉంది.

ఓటిస్ బయటికి రాగానే తానియోస్ అతన్ని కావలించుకుని ఏడ్చేశాడు. తర్వాత వెనక్కి జరిగి పైనుంచి కిందిదాకా చూసి తల అడ్డంగా ఊపాడు.

"చిక్కిపోయావు నాయనా. ఇన్నాళ్లూ ఏ ఊళ్లో ఆడావో గానీ, వాళ్లు నిన్ను మనిషిలా చూసినట్టు లేదు."